తెర రెప్పపాటు

(పాఠశాల వార్షికోత్సవమునకు ముందు జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరమును ఈ సభలో నేను పరీక్షా ఫలితములను గూర్చియు, పిల్లల హాజరును గూర్చియు, మాతృభాషాభ్యాసమును గూర్చియు మాటలాడుట వాడుక. ఈ యేడు ఆ వాడుకను కొంచెము తప్పి, ఒక తెరను గూర్చి మాటలాడ దలచితిని. తెర యనగా నాటకపు తెర కాదు. గత వార్షికోత్సవమున మన వేదిక వెనుక నిలిపిన ఎల్.ఇ.డి. తెర. ఆ తెర విషయమున నేనొక తప్పు చేసితిని. దానిని మీ యెదుట ఒప్పుకొని, అది యెట్లు జరిగినదో వివరించి, ఇక ముందు జరుగకుండుటకై మనమందరము తెలిసికొనవలసిన దేమో విన్నవించుటయే నేటి నా ఉద్దేశము.

మీకు జ్ఞాపకముండును. ఆనాడు మన బాలికలు కోలాటము వేసిరి. వెనుక తెరమీద పచ్చని పొలములును, గుడి గోపురములును కదలాడుచుండెను. సభలో కూర్చున్న వారందరికిని కన్నుల పండువుగా నుండెను. కాని మరునాటి ఉదయమునకే ఆ పండుగ ఫిర్యాదుగా మారినది. తల్లులు తమ ఫోనులలో తీసిన వీడియోలను చూచుకొనగా, తెరమీద నల్లని అడ్డపట్టీలు పైనుండి క్రిందికి జారుచు చిత్రమును ముక్కలు ముక్కలుగా కోసినట్లు కనబడినవి. కుప్పములోని నాయనమ్మకును, మదనపల్లెలోని మేనమామకును పంపిన వీడియోలన్నియు నట్లే యున్నవి. “పిల్ల ఆట బాగుంది గానీ, వెనకాల ఆ నల్ల చారలేందమ్మా?” అని ఊరినుండి అడిగిరట. కొందరు తెర చెడిపోయినదనిరి. కొందరు ఫోను చెడిపోయినదనిరి. ఒక తండ్రి ఫోనునే మార్చివేసెను; క్రొత్త ఫోనుతో ఒక పెండ్లిలో అటువంటి తెరనే వీడియో తీయగా మరల అవే పట్టీలు కనబడినవట.

తెర చెడలేదు, ఫోనును చెడలేదు. చెడినది నా విచారణ. అద్దెకిచ్చినవారు చూపిన కాగితములో “60 హెర్ట్జ్” అని వ్రాసియుండెను. మన యింటి విద్యుత్తు 50 కదా, ఇది 60 కదా, చాలునని తలచి నేను సంతకము చేసితిని. ఆ 60 దేని లెక్కయో అడుగనైతిని. మీ చందాల సొమ్మును నేను అర్థమెరుగని ఒక సంఖ్యకు ధారపోసితిని. నాటినుండి ఆ సంఖ్య నన్ను నిద్రపోనీయలేదు. నేను ఇంజనీరును గాను. ఇంటర్మీడియట్ చదివి ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించినవాడను. అయినను పుస్తకములు చూచి, తెలిసినవారి నడిగి, నాకు బోధపడినంత మీకు చెప్పెదను. బోధపడిన విషయము మన తెలుగులో చెప్పరానిది కాదని నా నమ్మకము.

మొదట మన కంటిని గూర్చి. చీకటిలో ఒక కొరవిని పట్టి గిరగిర త్రిప్పిన యెడల నిప్పుచక్రము కనబడును. చక్రము నిజముగా లేదు. ఉన్నది ఒక్క నిప్పుకొన మాత్రమే. అది ఒకచోటినుండి మరొకచోటికి పోవులోపల మొదటిచోటి వెలుగు మన చూపులో నింకను నిలిచియుండుటచేత వలయమై తోచును. దీనిని పెద్దలు అలాతచక్ర మనిరి. గౌడపాదాచార్యుల మాండూక్యకారికలలో ఒక ప్రకరణమునకు అలాతశాంతి యనియే పేరు. వారు దానిని వేదాంతార్థమున వాడిరి. మనము నేడు తెరకు వాడుకొందము. దీపావళినాడు కాకరపువ్వొత్తితో గాలిలో తన పేరు వ్రాయు ప్రతి పిల్లవాడును ఈ సంగతి నెరుగును. నెమ్మదిగా వ్రాసిన అక్షరము నిలువదు. వేగముగా వ్రాసినచో నిలుచును.

దీపము సెకండునకు 10 మార్లు వెలిగి ఆరినచో అందరికిని మినుకుమినుకు మనుచు కనబడును. 30 మార్లయినను తెలియును. ఇంచుమించు 50 నుండి 90 మార్ల నడుమ, దీపపు కాంతిని బట్టియు, చూచువారి కంటిని బట్టియు, ఆ మినుకు మాయమై ఎడతెగని వెలుగుగా తోచును. వెలుగు హెచ్చినకొలది వేగమును హెచ్చవలయును. ఇంకొక విశేషము: నేరుగా చూచు చూపుకంటె కడగంటి చూపు మినుకును త్వరగా పసిగట్టును. పాత ట్యూబులైటు ప్రక్కకు చూచినప్పుడు వణకినట్లుండి, నేరుగా చూచినప్పుడు నిలకడగా నుండుట మీలో కొందరు గమనించియే యుందురు.

ఈ బెంగుళూరు వీధులలో మొదటిమారు విద్యుద్దీపములు వెలిగినది 1905 ఆగస్టు 5వ తేదీన. నేడు మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకండునకు 50 ఆవృత్తులు గలది. ప్రతి ఆవృత్తిలోను కరెంటు రెండుమార్లు పెరిగి రెండుమార్లు తగ్గును. అందుచేత పాత చోకు గల ట్యూబులైటు సెకండునకు 100 మార్లు మినుకుచుండును. మన కన్ను దానిని గుర్తింపదు. కంటికి తెలియదు గనుక అది లేదని మనము తలంతుము. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. తరువాత దీనితో పని గలదు.

ఇక సినిమా. నా బాల్యమున చిత్తూరు జిల్లాలోని మా పల్లెకు టూరింగ్ టాకీసు వచ్చెడిది. ఒకనాడు ఆపరేటరు నన్ను యంత్రముగదిలోనికి రానిచ్చి ఫిల్ము ముక్క నొకదానిని చేతికిచ్చెను. దానిలో కదలిక యేమియు లేదు. ఒకదాని క్రింద నొకటిగా నిశ్చల చిత్రములు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కాలమునుండి వాడుకలో నున్న లెక్క యేమనగా, సెకండునకు 24 చిత్రములు. కాని సెకండునకు 24 మార్లు మాత్రమే వెలుగు తగిలినచో తెర మినుకుమినుకుమని కన్నులు నొచ్చును. అందుచేత యంత్రములో నొక తిరుగుడు రెక్కను పెట్టిరి. అది ప్రతి చిత్రమును రెండుమార్లు గాని మూడుమార్లు గాని మూసి తెరచును. చిత్రములు 24 అయినను వెలుగు 48 మార్లో, 72 మార్లో తగులును.

ఇక్కడ రెండు లెక్కలున్నవని గమనింపుడు. సెకండునకు క్రొత్త చిత్రములెన్ని యనునది మొదటి లెక్క. దీనిని ఫ్రేము రేటు అందురు. ఉన్న చిత్రమునే తెరమీద నెన్నిమార్లు తిరిగి వెలిగించిరి యనునది రెండవ లెక్క. దీనిని రిఫ్రెష్ రేటు అందురు. నేను మా పిల్లలకు దీనిని ‘తెర రెప్పపాటు’ అని చెప్పితిని. సెకండునకు ఒకమారు జరుగుట ఒక హెర్ట్జ్. రెండు లెక్కలకును అదే కొలమానమగుటచేతనే నా వంటివారు మోసపోవుట. నాకు చూపిన కాగితములోని 60 మొదటి లెక్క. నేను అడుగవలసినది రెండవ లెక్క.

ఇప్పుడు ఎల్.ఇ.డి. తెర లోపలికి పోవుదము. ఎల్.ఇ.డి. యనగా కాంతి ఉద్గార డయోడు. కరెంటు పోయినంతనే వెలుగు నిచ్చు చిన్న స్ఫటికపు ముక్క. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడు ఎర్రని ఎల్.ఇ.డి.ని చేసెను. నీలి రంగు ప్రకాశవంతముగా సిద్ధించుటకు మరి ముప్పది యేండ్లు పట్టినది. దానిని సాధించిన జపాను శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఎరుపు, ఆకుపచ్చ, నీలము మూడును చేరిననే సర్వవర్ణములు కలుగును. అందుచేత నీలము వచ్చిన పిమ్మటనే పెండ్లిపందిళ్లలోను, సభలలోను మనము చూచు రంగుల ఎల్.ఇ.డి. గోడలు సాధ్యమైనవి.

ఆ గోడలో దీపములెన్ని? చుక్కకు చుక్కకు నడుమ 4 మిల్లీమీటర్ల దూరము గల తెరను తీసికొందము. మీటరు పొడవున 250 చుక్కలు. చదరపు మీటరులో 62,500 చుక్కలు. ఒక్కొక్క చుక్కలో మూడు రంగుల దీపములు గనుక 1,87,500 దీపములు. వీనికన్నిటికిని వేరువేరుగా నడుపు సర్క్యూటులు పెట్టినచో వెల మితిమీరును. అందుచేత ఒక ఉపాయము పన్నిరి. పెండ్లి భోజనములలో పదునారు పంక్తులు కూర్చుండగా ఒక్కడే వడ్డించువాడున్నాడనుకొందము. అతడు మొదటి పంక్తికి వడ్డించి, రెండవదానికి పోయి, అట్లు పదునారవదానివరకు వెళ్లి మరల మొదటికి వచ్చును. ఏ క్షణమున చూచినను వడ్డన జరుగునది ఒక్క పంక్తికే. అతడు మిక్కిలి చురుకైనవాడైనచో ఏ విస్తరియు ఖాళీగా నున్నట్లు తోచదు. ఎల్.ఇ.డి. తెరలోను ఇట్లే ఒక సర్క్యూటు పదునారు వరుసల దీపములను వంతులవారీగా వెలిగించును. ఎనిమిది వరుసలవి, ముప్పదిరెండు వరుసలవి కూడ గలవు. అనగా తెర వెలుగుచున్నదని మనము చూచు ప్రతిక్షణమునను దానిలో అధికభాగము నిజముగా ఆరియే యున్నది. అది అలాతచక్రమే, కొరవులు మాత్రము లక్షలు.

మరియొక విషయము. ఈ దీపమునకు సగము వెలుగు కావలెనన్నచో కరెంటును తగ్గింపరు. సగము కాలము వెలిగించి సగము కాలము ఆర్పుదురు. పావు వెలుగునకు పావు కాలము. ఈ వెలుగుటయు ఆరుటయు మన కంటికి అందని వేగమున జరుగును గనుక మనకు మందమైన వెలుగుగా తోచును. ఈ రెండు కారణములచేత ఎల్.ఇ.డి. తెర యెప్పుడును రెప్పలార్చుచునే యుండును. ఆ రెప్పపాటు సెకండునకు 960 మార్లు గల తెరలు గలవు. 1920 మార్లవి గలవు. 3840 మార్లవి గలవు. వెలయు ఆ క్రమముననే పెరుగును.

కంటికి 960 చాలును. అందుచేతనే ఆనాడు సభలో కూర్చున్న మనకు ఏ లోపమును కనబడలేదు. కాని ఫోను కన్ను మన కన్ను వంటిది కాదు. వెలుగు ఎక్కువగా నున్నప్పుడు అది ఒక్కొక్క చిత్రమునకు సెకండులో వెయ్యవ వంతు మాత్రమే తెరచుకొనవచ్చును. పైగా చిత్రమంతయు ఒక్కమారుగా గ్రహింపక, పైనుండి క్రిందికి వరుస వెంబడి వరుసగా గ్రహించును. 960 మార్ల తెర ఒక చుట్టు ముగించుటకు సెకండులో 960వ వంతు పట్టును. అనగా ఫోను తెరచుకొన్న వెయ్యవ వంతు కాలములో ఒక చుట్టయినను పూర్తి కాదు. వడ్డించువాడు కొన్ని పంక్తులకు రాకముందే ఫోటో తీసినట్లగును. ఆ విస్తళ్లు ఖాళీగా కనబడును. అవియే మీ వీడియోలలోని నల్లని పట్టీలు. 3840 మార్ల తెరయైనచో అదే కాలములో దాదాపు నాలుగు చుట్లు ముగియును. ఒక పంక్తికి మూడుమార్లు, మరొకదానికి నాలుగుమార్లు వడ్డన జరిగినను ఖాళీ విస్తరి యుండదు.

సందేహమున్నవారు ఇంటికి పోవుచు జిగణి ఏ.పి.సి. సర్కిలువద్ద నిలిచి, బస్సు నుదుట వెలుగు కన్నడ అక్షరములను ఫోనుతో ఫోటో తీయుడు. కంటికి నిండుగా కనబడు ఊరిపేరు ఫోటోలో పలుమార్లు సగము విరిగి కనబడును. బోర్డునందు దోషమేమియు లేదు. అది ప్రయాణికుని కంటికై చేసినది గాని కెమేరాకై చేసినది కాదు.

ఈ విషయమును నాకు బాగుగ బోధించినవారు పుస్తకములు వ్రాసినవారు కారు. మన పాఠశాలలోనే చదువుచున్న ఒక బాలిక తండ్రి. ఆయన మన జిగణి పారిశ్రామికవాడలో లేతు పని చేయును. నేను నల్లని పట్టీల సంగతి చెప్పి తల పట్టుకొని కూర్చుండగా ఆయన నవ్వి, “సార్, ఇది మాకు లేతు దగ్గర రోజూ ఉండే సంగతే. ట్యూబులైటు కింద తిరిగే చక్ ఒక్కోసారి నిలబడినట్టే కనపడుతుంది. నిలబడిందని చెయ్యి పెడితే చెయ్యి ఉండదు. అందుకే మా షాపులో లైట్లన్నీ ఒకే ఫేజుకు వెయ్యరు, మూడు ఫేజులకూ పంచి వేస్తారు” అనెను.

నేను ఇంటికి పోయి లెక్క వేసితిని. మూడు దవడల చక్ నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. 2000ను 60చే భాగింప సెకండునకు 33 చుట్లును, మరి మూడవవంతును. దవడలు మూడు గనుక సెకండునకు సరిగా 100 మార్లు ఒక దవడ స్థానమునకు మరొక దవడ వచ్చును. ట్యూబులైటు మినుకునదియు సెకండునకు 100 మార్లే. వెలుగు హెచ్చిన ప్రతిమారును దవడలు ముందున్న చోటులలోనే యుండుటచేత చక్ కదలనట్లే తోచును! కంటికి తెలియదు గనుక మినుకు లేదని తలచుట ఎంత ప్రమాదమో చూడుడు. లైట్లను మూడు ఫేజులకు పంచినచో ఒకటి మందగించినప్పుడు మరొకటి వెలుగుచుండును, భ్రాంతి తొలగును. ఆ తండ్రి పెద్ద చదువులు చదువలేదు. అయినను తన కూతురి కోలాటమును చెరిపిన నల్లని పట్టీయు, తన చేతికి ప్రమాదము తెచ్చు నిలిచిన చక్రమును ఒకే విషయమని ఆయన ఒక్క నిమిషమున కనుగొనెను. పిల్లలకు ఈ విద్యను చెప్పుటకు మన తల్లిదండ్రులలోనే గురువులున్నారు.

ఇప్పుడు మీరు తరచుగా నన్నడుగు ప్రశ్నకు వచ్చెదను: “ఈ తెరలు పిల్లల కళ్లు చెరుపుతాయా?” దీనికి జవాబు మూడు భాగములుగా చెప్పవలయును.

ఒకటి. ప్రమాదకరమైన మినుకు వేగమైనది కాదు, నిదానమైనది. 1997 డిసెంబరు 16న జపానులో ‘పోకెమాన్’ అను బొమ్మల ధారావాహికలో ఎరుపు, నీలి వెలుగులు సెకండునకు ఇంచుమించు 12 మార్లు మారి మారి మెరసిన దృశ్యము ప్రసారమైనది. ఆ రాత్రి 685 మంది, అధికముగా బాలబాలికలు, ఆసుపత్రులకు తరలింపబడిరి. కొందరికి మూర్ఛలు వచ్చినవి. అది తెర రెప్పపాటు చేసినది కాదు. చిత్రములోనే పెట్టిన మెరుపు. సెకండునకు 3 మొదలు 30 వరకు గల మెరుపులు, మూర్ఛ స్వభావము గల కొలదిమందికి హాని చేయవచ్చునని వైద్యులు చెప్పుదురు. కావున వార్షికోత్సవమున నాట్యములకు పటపట మెరయు డిస్కో దీపములు వలదని నేను కోరుచున్నాను. తెరకంటె అవియే ఎక్కువ భయపడదగినవి.

రెండు. కంటికి తెలియని మినుకు కూడ కొందరికి తలనొప్పిని, కన్నుల అలసటను కలిగింపవచ్చును. 2015లో ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంస్థ ఎల్.ఇ.డి. దీపముల మినుకును గూర్చి మార్గదర్శకముల ప్రకటించినది. పూర్తిగా వెలిగి పూర్తిగా ఆరు దీపమైనను సెకండునకు 3000 మార్లు దాటినచో దాని ప్రభావము గుర్తింపదగినంత యుండదని దాని సారాంశము. ఆ సూచన ఇంటిదీపములను ఉద్దేశించినదైనను, తెరకును మనకొక కొలబద్దగా పనికివచ్చును. ఇంటిలో మీరు చేయదగిన పరీక్ష యొకటి గలదు. గది దీపములార్పి, తెల్లని వెలుగుతో నిండిన తెర ముందు ఒక పెన్సిలును అటునిటు వేగముగా ఊపుడు. పెన్సిలు నీడ ఒకటే చెరిపినట్లు కనబడినచో మంచిది. విసనకఱ్ఱ పుల్లలవలె వేరువేరు పెన్సిళ్లు కనబడినచో ఆ తెర మినుకుచున్నది. కొన్ని ఫోనులు పగటి వెలుగులో బాగుగనే యుండి, రాత్రి వెలుగు తగ్గించినప్పుడు ఇట్లు మినుకును. అట్టి ఫోనులో చీకటిగదిలో మందపు వెలుగున పిల్లలు చదువుట మాన్పించి, గదిలో దీపము వేయించుడు.

మూడు. తెర రెప్పపాటుకంటె పిల్లవాని రెప్పపాటును మీరు ఎక్కువగా చూడవలయును. తదేకముగా తెరను చూచు మనుష్యుడు రెప్పలార్చుట తగ్గించును; కన్ను ఎండి మండును. దగ్గరగా గంటల తరబడి చూచుటయు, ఆరుబయటి వెలుగు లేకపోవుటయు హ్రస్వదృష్టికి తోడ్పడును. తైవాన్‌లో 2010 నుండి పాఠశాలల పిల్లలు దినమునకు 120 నిమిషములు ఆరుబయట గడుపు కార్యక్రమమును ఆరంభించిరి. అంతకు ముందు ఏటేట పెరుగుచుండిన చూపు మందగించిన పిల్లల సంఖ్య ఆ పిమ్మట తగ్గుముఖము పట్టినది. ఏ హెర్ట్జ్ గల తెరయు ఆ పని చేయలేదు. మన పాఠశాల ఆటస్థలము చేయగలదు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఈ మధ్య పదవ తరగతి విద్యార్థి యొకడు “144 హెర్ట్జ్ ఫోను ఉంటే పాఠాలు స్పష్టంగా కనపడతాయి” అని తండ్రిని పట్టుపట్టెను. ఆ తండ్రి ఓవర్‌టైము చేసి సొమ్ము కూడబెట్టుటకు సిద్ధపడి, తెలివిగా ముందు నాయొద్దకు వచ్చెను. నేను చెప్పినది మీకును చెప్పుచున్నాను. పాఠముల వీడియోలు సాధారణముగ సెకండునకు 25 గాని 30 గాని చిత్రములతో తయారైనవి. 30 చిత్రముల పాఠమును 60 హెర్ట్జ్ తెర ఒక్కొక్క చిత్రమును రెండుమార్లు చూపును. 120 హెర్ట్జ్ తెర నాలుగుమార్లు చూపును. ఒకే వాక్యమును గురువు రెండుమార్లు చెప్పక నాలుగుమార్లు చెప్పినంతనే క్రొత్త వాక్యము పుట్టదు. ఎక్కువ హెర్ట్జ్ వలన వ్రేలితో జరుపునప్పుడు అక్షరములు మృదువుగా కదలును. వేగముగల ఆటలలో కొంత లాభముండును. బ్యాటరీ త్వరగా అయిపోవును. చదువునకు కలుగు లాభము శూన్యము. ఆ బాలుడు లెక్కలలో చురుకైనవాడు. ఈ భాగహారము చూపగానే తానే తలవంచి నవ్వెను.

ఇది వినిన మీకొక అనుమానము రావచ్చును. ఇంటి టీ.వీ.కి 60 చాలినప్పుడు వేదిక తెరకు 3840 ఏల? ఇంటిలో ‘ఎల్.ఇ.డి. టీ.వీ.’ అని మనము పిలుచు వానిలో చిత్రమును కల్పించునది సాధారణముగా ఎల్.సి.డి. ఫలకము, ఎల్.ఇ.డి.లు దాని వెనుక దీపములు మాత్రమే. ఎల్.సి.డి. చుక్క తరువాతి చిత్రము వచ్చువరకు తన రంగును పట్టి నిలుచును, నడుమ ఆరిపోదు. కావున దానికి 60 చాలును. వేదిక మీది ఎల్.ఇ.డి. గోడలో దీపములే చిత్రము. వంతు ముగియగానే ఆరిపోవును. రెండింటిపేరు ఒకటే, తత్త్వము వేరు. నేను తప్పిపోయినది ఇక్కడనే.

ఇక ముందు కర్తవ్యము. కార్యవర్గము మన సభాభవనమునకు శాశ్వతముగా ఒక ఎల్.ఇ.డి. గోడను కొనవలెనను ప్రతిపాదన మీ యెదుట పెట్టియున్నది. దానికి మీ విరాళములు కావలయును. నా అభిప్రాయము దాపరికము లేక చెప్పెదను. ఏడాదికి రెండుమూడు దినములు వాడు వస్తువును కొనుటకంటె అద్దెకు తెచ్చుటయే మేలు. తరగతి గదులకు 60 హెర్ట్జ్ గల సాధారణ ఎల్.సి.డి. తెరయో, ప్రొజెక్టరో చాలును. మిగిలిన సొమ్ము ప్రయోగశాలకును, గ్రంథాలయమునకును చేరినచో పిల్లలకు సంవత్సరమంతయు ఉపయోగపడును. అయినను నిర్ణయము మీది.

అద్దెకు తెచ్చినను, కొన్నను, ఈ మూడు ప్రశ్నలు అడుగక సంతకము చేయరాదు. మొదటిది: మీరు చెప్పు సంఖ్య చిత్రముల లెక్కయా, రెప్పపాటు లెక్కయా? రెండవది: రెప్పపాటు 3840కి తగ్గదని కాగితముమీద వ్రాసి ఇత్తురా? మూడవది: మేము వాడదలచిన వెలుగులోనే తెరను పెట్టి, ఒకమారు తెలుపు, ఒకమారు బూడిదరంగు నింపి, మా ఫోనులతో వీడియో తీసి చూచుకొననిత్తురా? మూడవదానికి ఒప్పుకొననివాడు మొదటి రెండింటికి ఎంత చక్కని జవాబిచ్చినను వానిని నమ్మవలదు. ఈ పరీక్షకు డిగ్రీలు అక్కరలేదు. తల్లుల చేతిలోని ఫోనులే చాలును. ఈ యేడు తెర నిలిపిననాడు పరీక్ష చేయుటకు ఇద్దరు తల్లులను, ఆ లేతు పని తెలిసిన తండ్రిని నేను ఆహ్వానించుచున్నాను. వారు సరియనిన పిమ్మటనే సొమ్ము చెల్లింతము.

మహాజనులారా! మనము పుట్టిన ఊళ్లను విడిచి, కన్నడ సోదరుల నడుమ, ఈ జిగణిలో బ్రతుకుచున్నాము. మన పిల్లలు కన్నడమును, ఇంగ్లీషును నేర్చుచు, తెలుగును నిలుపుకొనుచున్నారు. “తెలుగులో పాటలు పద్యాలు సరే, యంత్రాల సంగతి తెలుగులో ఏం చెప్తారు?” అని కొందరు తల్లిదండ్రులు నన్నడుగుటయు, ఆ కారణముచేతనే కొందరు పిల్లలను వేరు పాఠశాలలకు మార్చుటయు మీరెరిగినదే. నేటి నా ప్రసంగము వారికి నేనీయగల జవాబు. కొరవి, కాకరపువ్వొత్తి, పెండ్లి పంక్తి, లేతు చక్రము — ఇవి మనకు తెలిసినవే. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవు త్రోవ మాతృభాషలోనే దగ్గర. ఆ త్రోవలో నడచిన పిల్లవాడు రేపు ఏ భాషలోని కాగితము చేతికి వచ్చినను, దానిలోని సంఖ్యను చూచి బెదరడు. ‘ఇది దేని లెక్క?’ అని అడుగును. ఆనాడు నేను అడుగనైన ప్రశ్న అదియే. నా తప్పును మన్నించి, నా పిల్లలు ఆ ప్రశ్న అడుగువారగునట్లు ఆశీర్వదింపుడు.